గదిలోని గొంతు, దూరాన ఉన్న చెవి : రెండు చోట్ల సాగే తరగతి కథ



ఒక తరగతి గదిలో ఇరవై మంది కూర్చున్నారు. మరో ఇరవై మంది వేరు వేరు ఊళ్లలో, తమ ఇళ్లలో, ఫోను తెరల ముందు కూర్చున్నారు. పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక్కరే. ఇలాంటి తరగతిని ఇప్పుడు హైబ్రిడ్ తరగతి అంటున్నాం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత ఈ తరహా బోధన మన పాఠశాలలకు, కళాశాలలకు వచ్చింది. పేరు కొత్తదే గాని సమస్య పాతది. దూరాన ఉన్నవారికి పాఠం వినిపించడం ఎలా? కనిపించడం ఎలా? అన్నింటికన్నా ముఖ్యంగా, అక్కడినుంచి వారు ఒక ప్రశ్న అడిగితే అది ఇక్కడికి చేరడం ఎలా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు వెతికిన చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు ఒక చిన్న అనుభవం చెబుతాను. 2021లో ఒక కళాశాలలో నేను ఇలాంటి తరగతి తీసుకున్నాను. ల్యాప్‌టాప్‌ను గది వెనుక బల్ల మీద పెట్టారు. బోర్డు మొత్తం కనిపించాలన్నది వారి ఉద్దేశం. నలభై నిమిషాలు పాఠం చెప్పి, సందేహాలు ఉన్నాయా అని అడిగాను. తెర మీద ఒక అమ్మాయి రాసిన వాక్యం కనిపించింది. "మేడం, మొదటినుంచీ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు." ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. మూడుసార్లు చెప్పానండి, మీ గదిలో ఎవరికీ వినిపించలేదు అని రాసింది. హాజరు పట్టికలో ఆమె పేరు ఉంది. కాని ఆ రోజు ఆమె తరగతిలో ఉన్నట్టా, లేనట్టా? ఆ ప్రశ్నే నన్ను ఈ చరిత్ర వైపు నడిపింది.

1. గది కూడా మాట్లాడుతుంది

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫాగ్ కళా సంగ్రహాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం కట్టింది. అందులో ఉపన్యాసకులు చెప్పేది ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కొక్క మాట సుమారు అయిదున్నర సెకండ్లపాటు గదిలో మోగుతూ ఉండేది. ఆ లోపు తరువాతి పది పదిహేను మాటలు దానిమీద వచ్చి పడేవి. దీన్ని సరిచేయమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడిని కోరారు. పగటిపూట వీధి చప్పుళ్లు అడ్డు వస్తాయని ఆయన రాత్రివేళల్లో పని చేశాడు. ఆయన సామగ్రి ఒక ఆర్గన్ గొట్టం, కాలాన్ని కొలిచే సాధనం, పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి మోసుకొచ్చిన కుర్చీ దిండ్లు. దిండ్లను కొద్దికొద్దిగా పెంచుతూ, ధ్వని ఎంతసేపటికి అణగారుతుందో కొలిచాడు.

ఈ కొలతలనుంచి వచ్చిందే ప్రతినాద కాలానికి సూత్రం. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే, ధ్వని అణగడానికి పట్టే కాలం సెకండ్లలో వస్తుంది. శోషణను సబైన్ తెరిచి ఉంచిన కిటికీతో పోల్చాడు. తెరిచిన కిటికీ మీద పడిన ధ్వని తిరిగి రాదు కదా!

ఈ సూత్రాన్ని మన తరగతి గదికి వర్తింపజేద్దాం. గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 3.5 మీటర్లు అనుకుందాం. ఘనపరిమాణం 168 ఘనపు మీటర్లు. గోడలు, పైకప్పు, నేల కలిపి 194 చదరపు మీటర్లు. సున్నం గోడలు, గచ్చు నేల తమ మీద పడిన ధ్వనిలో సుమారు 5 శాతమే పీల్చుకుంటాయి. అంటే మొత్తం శోషణ 9.7. తలుపులు, కిటికీలు మూసి ఉన్న ఖాళీ గదిలో ప్రతినాద కాలం 2.8 సెకండ్లు అవుతుంది. ఒక్కొక్క విద్యార్థి, వేసుకున్న బట్టలతో సహా, సుమారు 0.4 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానం. నలభై మంది కూర్చుంటే కాలం ఒక సెకండుకు కాస్త పైన వచ్చి ఆగుతుంది. ఇరవై మందే ఉంటే ఒకటిన్నర సెకండ్లు. తరగతి గదుల్లో మాట స్పష్టంగా వినపడాలంటే ఇది 0.6 సెకండ్లు మించకూడదని అమెరికా ప్రమాణం ఒకటి చెబుతోంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. సగం మంది ఇళ్లనుంచి వింటున్నారంటే, ధ్వనిని పీల్చుకునేవారు సగం మంది గదిలో లేరన్నమాట. అందుకే హైబ్రిడ్ తరగతిలో గది మరింత మోగుతుంది. గదిలో ఉన్నవారికి ఇది అంతగా తెలియదు. మనకు రెండు చెవులున్నాయి, వాటి సాయంతో మెదడు కావలసిన గొంతును వేరు చేసుకుంటుంది. ఒంటరి మైకుకు ఆ తెలివి లేదు. గొంతు, గోడ, ఫ్యాను అన్నింటినీ కలిపి పంపేస్తుంది.

2. ఒకవైపే వెళ్లిన చిత్రం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1961లో ఢిల్లీ పాఠశాలలకు టెలివిజన్ పాఠాలు ప్రారంభమయ్యాయి. 1967 జనవరి 26న వ్యవసాయదారుల కోసం 'కృషి దర్శన్' వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో సామూహిక వీక్షణ కేంద్రాలు పెట్టారు. దీని వెనుక ఉన్నవారిలో విక్రమ్ సారాభాయ్ ఒకరు.

పెద్ద అడుగు 1975లో పడింది. భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుందని, దానితో ప్రపంచమంతటా ప్రసారాలు చేయవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు. అమెరికా సంస్థ నాసా 1974లో ప్రయోగించిన ఏటీఎస్-6 అలాంటి ఉపగ్రహమే. 1969లో కుదిరిన ఒప్పందం ప్రకారం దాన్ని మన దేశానికి ఒక సంవత్సరం పాటు వాడుకోనిచ్చారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ఈ ప్రయోగం పేరు 'సైట్'. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలను ఇందుకు ఎంపిక చేశారు. ఉదయం పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కలిపి రోజుకు నాలుగు గంటల కార్యక్రమాలు వచ్చేవి.

ఈ ప్రయోగంలో హైదరాబాద్‌కు ప్రత్యేక స్థానం ఉంది. గ్రామాల్లో పెట్టిన టీవీ సెట్లు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కార్యక్రమాల నిర్మాణానికి ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లలో మూడు కేంద్రాలు ఏర్పాటు చేశారు. గ్రామంలో పాఠశాల ఆవరణలోనో, పంచాయతీ కార్యాలయం దగ్గరో మూడు మీటర్ల వ్యాసం గల జాలీ యాంటెన్నా ఉండేది. ఒక్కొక్క సెట్టు ముందు ఊరి జనం గుంపుగా కూర్చునేవారు. ఒక చిత్రానికి రెండు ధ్వని మార్గాలు ఉండడం మరో విశేషం. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలను జతచేసి పంపే వీలు దానివల్ల కలిగింది. సెలవుల్లో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. సుమారు 50 వేల మంది ఈ శిక్షణ పొందారు.

అయితే ఈ ఘనతలో ఒక లోటు ఉంది. అహ్మదాబాద్ భూకేంద్రం నుంచి పాఠం గ్రామానికి చేరింది. గ్రామంలోని పిల్లవాడి ప్రశ్న అహ్మదాబాద్‌కు చేరలేదు. టీవీ చెప్పింది, పిల్లలు విన్నారు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా కళాశాల విద్యార్థుల కోసం 'దేశవ్యాప్త తరగతి గది' పేరిట ప్రసారాలు ప్రారంభించింది. తరగతి గది అన్న పేరు ఉన్నా, అందులోనూ చెయ్యి ఎత్తి అడిగే అవకాశం లేదు.

3. ప్రశ్న వెనక్కి రావడానికి దారి

ఉపాధ్యాయుని బొమ్మ, మాట అటు వెళ్లగలిగినప్పుడు విద్యార్థి బొమ్మ, మాట ఇటు ఎందుకు రాలేవు? జవాబు ఖర్చులో ఉంది. అప్పటి టెలివిజన్ చిత్రానికి 5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్య వెడల్పు కావాలి. టెలిఫోను మాటకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు, అంటే సుమారు 3 కిలోహెర్ట్జ్ చాలు. బొమ్మ తిరిగి రావడానికి పట్టే దారి, మాట తిరిగి రావడానికి పట్టే దారికన్నా వెయ్యి రెట్లకు పైగా వెడల్పు. పైగా ప్రతి ఊళ్లోనూ పెద్ద ప్రసార యంత్రం పెట్టాలి.

అందుకే మన శాస్త్రజ్ఞులు మధ్యేమార్గం ఎంచుకున్నారు. బొమ్మ ఒకవైపు, మాట రెండువైపులా. ఉపాధ్యాయుడిని అందరూ చూస్తారు. విద్యార్థి ఫోను ద్వారా గాని, ఉపగ్రహ మార్గం ద్వారా గాని ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న అన్ని కేంద్రాల్లోనూ వినిపిస్తుంది. 1990లలో ఇస్రో ఈ పద్ధతిని విస్తృతంగా అమలు చేసింది. 1996 నవంబరులో మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జిల్లాలో మొదలైన ప్రాజెక్టులో 150 గ్రామాల్లో స్వీకరణ కేంద్రాలు, 12 బ్లాకు కేంద్రాల్లో తిరిగి మాట్లాడే పరికరాలు పెట్టారు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన అధ్యయన కేంద్రాలతో ఇదే పద్ధతిలో టెలికాన్ఫరెన్సులు నడిపింది. 2000 జనవరి 26న 'జ్ఞాన్ దర్శన్' ఛానల్ ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'మన టీవీ' ద్వారా విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పాఠాలు వచ్చేవి.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్ 1,950 కిలోల 'ఎడ్యుశాట్'ను మోసుకెళ్లింది. కేవలం విద్య కోసమే మన దేశం నిర్మించిన ఉపగ్రహం అది. 2010 వరకు పనిచేసింది. దాని ద్వారా కొన్ని కేంద్రాలకు రెండువైపులా బొమ్మ కూడా సాధ్యమైంది. సైట్ నాటి పిల్లవాడి ప్రశ్నకు దారి దొరకడానికి, చూడండి, ఇంచుమించు ముప్పై ఏళ్లు పట్టింది.

4. తన మాటే తనకు వినిపిస్తే

దారి దొరికిన వెంటనే కొత్త చిక్కు వచ్చింది. భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి తిరిగి రావడానికి సంకేతం 72,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాంతి వేగంతో వెళ్లినా పావు సెకండు పడుతుంది. ప్రశ్న వెళ్లడానికి పావు సెకండు, జవాబు రావడానికి మరో పావు సెకండు. ఈ అర సెకండు మౌనాన్ని, అవతలివారు మాట్లాడడం లేదని మనం పొరబడతాం. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ ఆగిపోతారు. సంభాషణ సహజంగా ఉండాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకండ్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది.

అంతకన్నా పెద్ద బాధ ప్రతిధ్వని. దూరాన ఉన్న విద్యార్థి గొంతు మన గది స్పీకరులో వస్తుంది. దాన్ని మన గది మైకు పట్టుకుని తిరిగి అతనికే పంపుతుంది. తాను పలికిన మాట తనకే ఆలస్యంగా వినిపిస్తుంటే ఎవరైనా తడబడతారు. 1965 ఏప్రిల్‌లో 'ఎర్లీ బర్డ్' ఉపగ్రహం వచ్చి ఖండాంతర ఫోను సంభాషణలు దాని ద్వారా సాగినప్పుడు ఈ సమస్య తీవ్రమైంది. అప్పటి పరికరాలు ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి దారిని మూసేసేవి. ప్రతిధ్వని పోయేది గాని, దానితోపాటు అవతలివారి మాటా పోయేది.

దీనికి పరిష్కారం చూపినవారిలో ముఖ్యుడు మన్‌మోహన్ సోంధి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఆయన. 1967లో ప్రచురించిన పత్రంలో, నేర్చుకుంటూ సరిదిద్దుకునే ప్రతిధ్వని నివారిణిని వివరించాడు. ఆలోచన సులభం. స్పీకరులోకి వెళ్తున్న ధ్వని మనకు ముందే తెలుసు. అది తిరిగి మైకులోకి ఏ రూపంలో వస్తుందో అంచనా వేసి, మైకు సంకేతంలోంచి దాన్ని తీసివేయాలి. అంచనా తప్పితే మిగిలిన ప్రతిధ్వనిని చూసి అంచనాను దిద్దుకోవాలి. ఈనాడు మీ ఫోనులో, ల్యాప్‌టాప్‌లో క్షణక్షణం జరుగుతున్నది ఈ పనే.

దీనినుంచి ఒక నియమం వస్తుంది. యంత్రం తన స్పీకరులోకి పంపిన ధ్వనినే తీసివేయగలదు. పక్క ల్యాప్‌టాప్ స్పీకరు సంగతి దానికి తెలియదు. అందుకే ఒకే గదిలో ఇద్దరు తమ పరికరాల్లో మైకు, స్పీకరు తెరిస్తే కీచుమనే కూత మొదలవుతుంది.

5. బొమ్మను కుదించిన లెక్క

ఇంటింటికీ రెండువైపులా బొమ్మ ఎలా సాధ్యమైంది? సాధారణ టెలివిజన్ చిత్రాన్ని అంకెలుగా మారిస్తే సెకండుకు 216 మెగాబిట్లు అవుతుంది. దీన్ని కుదించే గణితాన్ని 1974 జనవరిలో ముగ్గురు ప్రచురించారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, చెన్నై గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన కామిశెట్టి రామమోహనరావు. కె.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన ఆయన టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్‌టన్ శాఖలో దీర్ఘకాలం ఆచార్యుడిగా ఉన్నారు. వారి పద్ధతిలో బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ప్రతి గడినీ నెమ్మదిగా మారే, వేగంగా మారే అలల మొత్తంగా రాస్తారు. కంటికి పెద్దగా తెలియని అలలను వదిలేస్తారు. సభా చిత్రాల కోసం 1990లో ఖరారైన హెచ్.261 ప్రమాణం దీని మీదే ఆధారపడి, సెకండుకు 64 కిలోబిట్లు మొదలుకొని 2 మెగాబిట్ల లోపు బొమ్మను పంపగలిగింది. తరువాతి ప్రమాణాలు ఈ పునాది మీదే పెరిగాయి.

6. ఉమ్మడి గదిలో అమరిక

ఈ చరిత్ర తెలిసినవారికి గదిని సిద్ధం చేయడం కష్టం కాదు. మన విద్యాసంస్థల్లో గది ఒక్కరిది కాదు. మొదటి పీరియడు భౌతికశాస్త్రం, రెండోది తెలుగు, సాయంత్రం సంఘ సమావేశం. ఒకరు అమర్చినది మరొకరు కదుపుతారు. కాబట్టి అమరిక తేలికగా, అందరికీ అర్థమయ్యేట్టు ఉండాలి.

మొదటిది మైకు. దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకుతో పోలిస్తే 3 మీటర్ల దూరంలోని మైకుకు గొంతు పదో వంతే చేరుతుంది. ఫ్యాను చప్పుడు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. కాబట్టి చొక్కాకో, కొంగుకో తగిలించుకునే చిన్న మైకు, గోడ మీది ఖరీదైన మైకుకన్నా మేలు. విద్యార్థుల కోసం చేతినుంచి చేతికి అందించే మరో మైకు ఉండాలి. అది లేకపోతే గదిలో అడిగిన ప్రతి ప్రశ్ననూ ఉపాధ్యాయులు మళ్లీ పలకాలి.

రెండోది స్పీకరు. దూరాన ఉన్నవారి గొంతు గదిలో అందరికీ వినిపించాలి. స్పీకరు మైకు వైపు చూడకూడదు. గదిలో ఒకే పరికరానికి ధ్వని ఉండాలి, మిగిలినవి మూసి ఉంచాలి.

మూడోది కెమెరా. కిటికీ వెనుకగా నిలబడితే ముఖం నల్లగా పడుతుంది. వెలుగు ముందునుంచి రావాలి. బోర్డు విషయంలో చిన్న లెక్క వేద్దాం. 3.6 మీటర్ల వెడల్పు బోర్డును 1,280 చుక్కల బొమ్మగా పంపితే ఒక్కొక్క చుక్క 2.8 మిల్లీమీటర్లు. 5 సెంటీమీటర్ల అక్షరానికి 18 చుక్కలు వస్తాయి, చదవవచ్చు. నెట్ మందగించి బొమ్మ 640 చుక్కలకు పడిపోతే తొమ్మిది చుక్కలే మిగులుతాయి. 'ప', 'ష', 'ఘ' తేడా తెలియదు. అందువల్ల అక్షరం పెద్దదిగా రాయాలి, లేదా బోర్డులో సగమే వాడాలి.

నెట్ బాగా తగ్గినప్పుడు ముందు వదలవలసినది బొమ్మను, మాటను కాదు. బొమ్మ లేని పాఠాన్ని ఆకాశవాణి ఎన్నో ఏళ్లు నడిపింది. మాట లేని బొమ్మతో పాఠం నడవదు.

చివరిది, గోడకు ఒక కాగితం. ఏ వైరు ఎక్కడ, ఏది ముందు ఆన్ చేయాలి, వెళ్లేటప్పుడు ఏది ఎలా వదలాలి అన్నది తెలుగులో అయిదారు వాక్యాల్లో రాసి అంటించాలి. దూరాన ఉన్న ఒక విద్యార్థిని ప్రతిరోజూ 'శ్రోత'గా నియమించి, పాఠం మొదలైన మొదటి నిమిషంలోనే వినపడుతోందా అని అడగాలి. ఆ విద్యార్థి ఏదైనా చెబితే గదిలో చూసి చెప్పడానికి మరొకరిని పెట్టాలి. నా తరగతిలో లోపించింది ఈ ఇద్దరే. దీనికి రూపాయి ఖర్చు లేదు.

1975లో ప్రశ్న వెనక్కి రాకపోవడానికి కారణం యంత్రం లేకపోవడం. ఇప్పుడు యంత్రం ప్రతివారి జేబులోనూ ఉంది. అయినా ప్రశ్న రాకపోతే, ఆ తప్పు గదిలో ఉన్న మనదే.

చేసి చూడండి

1. మీ తరగతి గది కొలతలు తీసుకుని, విద్యార్థులు లేనప్పుడు, ఉన్నప్పుడు ప్రతినాద కాలం ఎంతో సబైన్ సూత్రంతో లెక్కకట్టండి. కిటికీకి దుప్పటి వేలాడదీస్తే ఏం మారుతుందో చప్పట్లు కొట్టి గమనించండి.

2. ఫోనును ఒక అడుగు దూరంలోను, పది అడుగుల దూరంలోను ఉంచి ఒకే పేరాను చదివి రికార్డు చేయండి. రెండింటినీ మరొకరికి వినిపించి, ఎన్ని మాటలు సరిగ్గా అందాయో లెక్కపెట్టండి.

3. మీ ఊళ్లో సైట్ కార్యక్రమాలు చూసిన పెద్దలు ఎవరైనా ఉన్నారేమో విచారించండి. అప్పట్లో టీవీని ప్రశ్న అడగగలిగితే ఏం అడిగి ఉండేవారో వారిచేత చెప్పించి రాసి ఉంచండి.